మోచేయి నొప్పి, 1963 నాటి 1–0 ఆట: ఒక కేసు పూర్తి వివరాలు

ఈ కేసులో వైద్యం తేలికే. మోచేతికి కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చి, భుజాన్నీ తుంటినీ సరిచేసి, మెల్లగా మళ్లీ బంతి వేయించాలి. పుస్తకాల్లో ఉన్నదే. చిక్కల్లా కుర్రాడు ఆ విశ్రాంతి తీసుకోకపోవడం. అతని కోచ్‌కూ దానిమీద నమ్మకం లేదు. ఇద్దరూ చూపించే సాక్ష్యం ఒక్కటే: అరవై ఏళ్ల కిందట శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక బేస్‌బాల్ ఆట. ఆ ఆట ఊసెత్తకుండా చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. దాన్నే బల్లమీద పరుచుకుని కూర్చున్నాక పని మొదలైంది. ఎక్కడ ఏమాలోచించి ఏ నిర్ణయం తీసుకున్నానో రాసిపెడితే తోటి ఫిజియోథెరపిస్టులకూ, పిల్లల్ని ఆటల్లో చేర్చిన తల్లిదండ్రులకూ పనికొస్తుందని రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

కుర్రాడికి పదిహేనేళ్లు. ఉత్తర కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. కుడిచేతి పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాడు. బడి జట్టుకూ ఆడతాడు, వారాంతాల్లో ఒక క్లబ్బుకూ ఆడతాడు. పిచింగ్ లేని రోజు బ్యాటర్ వెనక క్యాచర్‌గా కూర్చుని ప్రతి బంతినీ పట్టి తిరిగి పిచర్‌కు పంపుతాడు, అంటే ఆ రోజూ బంతి విసురుతూనే ఉంటాడు. అంతకుముందు ఏడాదిలో బాగా పొడుగయ్యాడు.

తండ్రికి ఇక్కడికి వచ్చేదాకా బేస్‌బాల్ తెలియదు. కొడుకు వల్ల నేర్చుకున్నారు, నేర్చుకున్నవారికి ఉండే పట్టుదలతో నేర్చుకున్నారు. తల్లి ఆట చూడరు, కొడుకును చూస్తారు. ఈ కేసులో మొదటి పనికొచ్చే సమాచారం ఆమె నుంచే వచ్చింది.

క్లబ్బు కోచ్ డెబ్బైకి దగ్గరపడిన మనిషి. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పెరిగాడు. 1963 జులై 2 రాత్రి ఆ ఊరి జట్టు జెయింట్స్‌కూ మిల్వాకీ బ్రేవ్స్‌కూ జరిగిన ఆటను చిన్నపిల్లవాడిగా దుప్పటి కింద రేడియో పెట్టుకుని విన్నాడట. ప్రతి సీజన్ మొదట్లో పిల్లలందరికీ ఆ కథ చెబుతాడు. నేనూ విన్నాను, బాగా చెబుతాడు.

బేస్‌బాల్ తెలియని పాఠకులకు ఆ కథ క్లుప్తంగా. మామూలు ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ముగుస్తుంది. స్కోరు సమమైతే ఎవరో ఒకరు ఆధిక్యంలోకి వచ్చేదాకా సాగుతుంది. ఆ మంగళవారం రాత్రి క్యాండిల్‌స్టిక్ పార్కులో పదిహేను ఇన్నింగ్స్‌లు పూర్తయినా రెండు జట్ల స్కోరూ సున్నాయే. మైదానంలో తర్వాత బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ పట్టిక హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరిన ఆటగాళ్లు ఏడుగురున్నారు. హ్యాంక్ ఆరన్, ఎడ్డీ మాథ్యూస్ ఒకవైపు; విల్లీ మేస్, విల్లీ మెకోవీ, ఒర్లాండో సెపెడా మరోవైపు. మిగిలిన ఇద్దరు పిచర్లు. జెయింట్స్ తరఫున డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన హువాన్ మారిషాల్, వయసు 25. బ్రేవ్స్ తరఫున ఎడమచేతి వారెన్ స్పాన్, వయసు 42. ఇద్దరిలో ఎవరినీ మార్చలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ పరుగు ఖాయమనుకున్నప్పుడు సెంటర్ ఫీల్డ్ నుంచి మేస్ విసిరిన బంతి రన్నర్‌ను పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ దగ్గర పట్టేసింది. తొమ్మిదోదాంట్లో మెకోవీ కొట్టిన పెద్ద దెబ్బను అంపైర్ ఫౌల్ (గీత బయట పడింది, చెల్లదు) అన్నాడు, జెయింట్స్ ఎంత మొత్తుకున్నా వినలేదు. అర్ధరాత్రి దాటాక, పదహారో ఇన్నింగ్స్ రెండో సగంలో, ఒకరు అవుటయ్యాక మేస్ బంతిని కంచె దాటించి హోమ్‌రన్ కొట్టాడు. 1–0. మారిషాల్ వేసినవి 227 బంతులు, స్పాన్ వేసినవి 201. ఆట నాలుగు గంటల పది నిమిషాలు సాగింది.

ఇప్పటి పిచర్ వంద బంతుల దగ్గరికి రాగానే మేనేజర్ బయటికి నడిచి వస్తాడు. అందుకే కోచ్ కథలో ఆ రెండంకెలు పిల్లల చెవుల్లో మోగుతాయి.

వచ్చిన సమస్య

కుడి మోచేయి లోపలివైపు నొప్పి. మొదటి రోజు పదికి ఎంత అని అడిగితే రెండన్నాడు. బంతి వేసేటప్పుడు? రెండున్నర. తండ్రి కూడా పెద్దగా ఏమీ లేదనే ధోరణిలోనే ఉన్నారు, వచ్చే వారం టోర్నమెంటుకు ముందు ఒకసారి చూపిద్దామని తీసుకొచ్చారు.

తల్లి మాత్రం ఒక మాట అన్నారు: "ఆవకాయ సీసా మూత తియ్యరా అంటే చెల్లెలికిస్తున్నాడండీ. ఇదివరకు వాడే తీసేవాడు." మూత తిప్పడానికి పిడికిలి బిగించి ముంజేతిని మెలితిప్పాలి. ఆ కండరాలన్నీ మోచేయి లోపలివైపు ఉన్న ఎముక మొనకే అతుక్కుని ఉంటాయి. ఆ మొనమీద బొటనవేలితో మెల్లగా నొక్కాను. కుర్రాడు నోరు మెదపలేదు కానీ భుజం చెవిదాకా లేచింది. రెండు అన్న నొప్పికి అలా లేవదు.

ఈ వయసులో లోపలివైపు నొప్పి అనగానే రెండు అనుమానాలు రావాలి. ఒకటి లిగమెంటు. బంతి విసిరేటప్పుడు మోచేయి బయటికి తెరుచుకోకుండా పట్టి ఉంచేది అదే. రెండోది ఆ లిగమెంటు, కండరాలు అతుక్కున్న ఎముక మొన. పెరిగే పిల్లల్లో ఆ మొనకూ అసలు ఎముకకూ మధ్య ఇంకా గట్టిపడని పొర ఉంటుంది, దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. పెద్దవాళ్లలో లాగుడుకు లిగమెంటు తెగుతుంది. పిల్లల్లో దానికంటే ముందు ఈ పొర సాగుతుంది. పదిహేనేళ్ల వయసు రెంటికీ నడిమిది కాబట్టి ఊహించి మొదలుపెట్టడం నాకిష్టం లేక ఎముకల వైద్యుడి దగ్గరికి పంపాను. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించమని రాశాను. కుడిదొక్కటే తీస్తే ఆ పొర వెడల్పు మామూలా కాదా తేలదు. ఎడమ చేతితో పోలిస్తే కుడివైపు కొద్దిగా వెడల్పుగా ఉంది. ఎమ్మారైలో లిగమెంటు బాగానే ఉంది. పొర వాచింది, ముక్క విడిపోలేదు. సమయానికి వచ్చిన కేసు.

నా పరీక్షలో మరో రెండు తేలాయి. కుడి భుజం లోపలికి తిరగడం ఎడమకంటే బాగా తక్కువ. ఎడమ తుంటి కూడా బిగుసుగా ఉంది. కుడిచేతి పిచర్ ఎడమకాలి మీద దిగి దాని చుట్టూ నడుము తిప్పాలి. తుంటి తిరగకపోతే ఆ లోటు చెయ్యి పూరించాలి, ఆ భారం చివరికి మోచేతి మీద పడుతుంది.

మొదట ఏం చేశాం

వైద్యుడూ నేనూ కలిసి ఆరు వారాలు విసరడం పూర్తిగా మానమన్నాం. క్యాచర్ పని కూడా వద్దన్నాం. భుజానికీ తుంటికీ వ్యాయామాలు ఇచ్చాను. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల పట్టిక ఇంటికిచ్చి పంపాను. 15–16 ఏళ్లవారు రోజుకు 95 బంతులు దాటకూడదు. 76 లేదా అంతకుమించి వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ చేయకూడదు, అందులో రెండు మూడు నెలలైనా వరుసగా బంతే విసరకూడదు. పిచింగ్ చేసిన రోజున క్యాచర్‌గా ఆడకూడదు.

పట్టిక ఫ్రిజ్ మీదికి ఎక్కింది. అక్కడే ఉంది. రెండో వారంలో కుర్రాడు పెరట్లో గోడకు బంతి విసురుతున్నాడని తల్లి ఫోను చేశారు.

అతన్ని తిట్టడంలో అర్థం లేదు. పట్టిక అతనికి ఏం చెప్పిందో ఆలోచించాను. 95 అనే అంకె అతని చెవికి పరిమితిలా కాక అవమానంలా వినిపించింది. అతని లెక్కలో మనిషి కొలత 227. దానిముందు 95 అంటే సగం కూడా కాదు. పైగా ఆ అంకె ఇచ్చింది తనకు తెలియని ఏదో కమిటీ, 227 ఇచ్చింది తను గౌరవించే పెద్దమనిషి. కాగితం మీది సంఖ్యకు కథలోని సంఖ్యను ఓడించే బలం లేదు.

తర్వాత భయపెట్టి చూద్దామన్నారు తండ్రి. నాకు పెద్ద నమ్మకం లేకపోయినా కాదనలేదు, ఎందుకంటే నిజం చెప్పడంలో తప్పులేదు. 1974 సెప్టెంబరులో లాస్‌ఏంజెలెస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్ టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన లిగమెంటు స్థానంలో అతని మరో చేతి నుంచి తీసిన స్నాయువును అమర్చాడు. ఆ శస్త్రచికిత్సకు అప్పటి నుంచి ఆ ఆటగాడి పేరే స్థిరపడిపోయింది. ఎముకకు రంధ్రాలు చేయడం, నెలల తరబడి ఆటకు దూరం కావడం, తిరిగొచ్చినా మునుపటిలా ఆడతామన్న హామీ లేకపోవడం, అన్నీ బొమ్మలతో చూపించాను.

కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. "టామీ జాన్ తర్వాత 164 ఆటలు గెలిచాడు కదా ఆంటీ?" అన్నాడు. నిజమే. అంతకుముందు 124, ఆ తర్వాత 164. ఈ పిల్లల లోకంలో ఆ ఆపరేషన్‌కు భయం లేదు. చేయించుకుంటే చెయ్యి ఇంకా బలపడుతుందని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు. భయం పనిచేయాలంటే ఎదుటివాడికి అందులో నష్టం కనబడాలి కదా.

తండ్రి అప్పుడు కోచ్‌తో గట్టిగా మాట్లాడతానన్నారు. వద్దన్నాను. కోచ్‌ను శత్రువును చేస్తే కుర్రాడు ఎటువైపు నిలబడతాడో నాకు తెలుసు.

దారి మార్చడం

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఆ ఆటను ఖండించడం: అది వేరే కాలం, వేరే మనుషులు, దాన్ని మరచిపో అనడం. ఆ మాట నిజానికి అంత నిలవదు కూడా. మారిషాల్ ఆ ఆట తర్వాత కుప్పకూలలేదు. ఆ ఏడాది 25 ఆటలు గెలిచాడు, మొత్తం మీద ఆరు సీజన్లలో ఇరవై దాటి గెలిచాడు, 1983లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. స్పాన్ 1963లో 23 గెలిచి మరుసటి ఏడాది ఆరుకు పడిపోయాడు గానీ అప్పటికి 43 ఏళ్లు, దాన్ని ఆ రాత్రి ఖాతాలో వేయడం నిజాయితీ కాదు. ఇలాంటి విషయాలు కుర్రాడికి నాకంటే బాగా తెలుసు. ఒక్క తప్పుడు వాదన పట్టుకున్నాడంటే మిగిలినవన్నీ కొట్టిపారేస్తాడు.

రెండో దారి ఆటలోకి దిగడం. దాన్నే ఎంచుకున్నాను. పాత ఆటల స్కోరుకార్డులు, ఏ బ్యాటర్‌కు ఏమైందన్న వివరాలతో సహా ఇప్పుడు ఎవరికైనా దొరుకుతాయి. "ఆ ఆట మొత్తం కాగితం మీద రాసుకుని రా. స్పాన్ ఒక్కొక్కరిని ఎలా అవుట్ చేశాడో నాకు చెప్పు" అన్నాను. బంతి ముట్టని వారాల్లో బంతి గురించి చేయడానికి ఒక పని దొరికిందతనికి. మరో లాభమూ చూశాను: నేను చెప్పేది అతను వినడం మానేసి, అతను చెప్పేది నేను వినడం మొదలవుతుంది.

వరుసల పుస్తకంలో పెన్సిలుతో గళ్లు గీసి తెచ్చాడు. అడ్డంగా పదహారు గళ్లు, ఒక్కో గడిలో ముగ్గురేసి. పక్కన అతని చివరి ఆట చార్టు పెట్టమన్నాను, క్లబ్బులో ఒక పిల్లవాడి తల్లి ప్రతి బంతీ రాసి ఉంచుతారు. రెండూ పక్కపక్కన పెట్టి భాగించమన్నాను, అంతే.

మారిషాల్ 227 బంతులను పదహారు ఇన్నింగ్స్‌లతో భాగిస్తే పద్నాలుగు చిల్లర. స్పాన్‌ది పదమూడు. కుర్రాడు చివరి ఆటలో నాలుగు ఇన్నింగ్స్‌లకు 98 వేశాడు, అంటే ఒక్కోదానికి దాదాపు ఇరవై ఐదు. ఒకసారి భాగించి మళ్లీ భాగించాడు.

పిచర్ చెయ్యి విశ్రాంతి తీసుకునేది తన జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడే. మారిషాల్‌కు 227 బంతుల మధ్య పదిహేనుసార్లు ఆ విరామం దొరికింది. కుర్రాడికి 98 బంతుల మధ్య మూడుసార్లు. ఒకే విడతలో ఇరవై ఐదు బంతులు గరిష్ఠ వేగంతో వేస్తే చివరి బంతుల దగ్గరికి కండరాలు అలసి, ఆ లాగుడంతా ఎముకా లిగమెంటూ మోస్తాయి.

అయితే ఎందుకంత తేడా? జవాబు స్పాన్ గళ్లలో ఉంది. అతను ఆ రాత్రి 46 మందిని అవుట్ చేశాడు, అందులో స్ట్రైకవుట్లు, అంటే బ్యాటర్ బంతిని కొట్టలేక మూడు స్ట్రైకులకు అవుటైనవి, రెండే. తక్కినవి దాదాపు అన్నీ బ్యాట్‌కు తగిలి ఫీల్డర్ల చేతుల్లోకి వెళ్లినవే. పదిహేను ఇన్నింగ్స్‌లకు పైగా వేసి ఒక్కరికే వాక్ (జోన్ బయట నాలుగు బంతులు పడితే బ్యాటర్‌కు ఊరికే దొరికే మొదటి బేస్) ఇచ్చాడు. అదీ పద్నాలుగోదాంట్లో మేస్‌కు కావాలని ఇచ్చినది. ప్రత్యర్థిని కొట్టనిచ్చాడు, గట్టిగా మాత్రం కొట్టనివ్వలేదు. కుర్రాడి చార్టులో సగానికి సగం స్ట్రైకవుట్లు, మిగతావాటిలో వాక్‌లు బోలెడు. ప్రతివాడినీ తనే పడగొట్టాలన్న పంతం. బంతి బ్యాట్‌కు తగలడమే ఓటమి అన్నట్టు వేస్తున్నాడు.

ఆ కాలం పిచర్లకు అనుకూలమన్నది కూడా నేనే చెప్పాను, దాచలేదు. 1963 సీజన్‌కు స్ట్రైక్ జోన్‌ను, అంటే బ్యాటర్ కొట్టకపోయినా బంతి పిచర్ లెక్కలో పడే ప్రాంతాన్ని, పెంచారు. పిచర్ నిలబడే దిబ్బ అప్పుడు పదిహేను అంగుళాల ఎత్తు, 1969లో పదికి తగ్గించారు. పెద్ద జోన్‌లో, ఎత్తు నుంచి వేసేవాడికి బంతులు తక్కువ ఖర్చవుతాయి.

కుర్రాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇన్నింగ్స్‌కు పద్నాలుగే వేస్తే నేనూ 227 వేయచ్చు కదా" అన్నాడు. తెలివైన పిల్లలతో ఇదే తంటా. అప్పుడు ఎక్స్‌రే తీసి మళ్లీ చూపించాను, ఈసారి అతను అడిగినదానికి జవాబుగా. పాతికేళ్లవాడి మోచేతిలో ఆ గీత ఉండదు, ఎముక మూసుకుపోయి ఉంటుంది. నీది ఇంకా మూసుకోలేదు. ఇన్నింగ్స్‌కు ఎన్ని అన్నది ఒక లెక్క, రోజుకు ఎన్ని అన్నది మరో లెక్క, ఒకటి కుదిరితే రెండోది రద్దు కాదు. ఈసారి ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత ఇంట్లో గోడ దగ్గరికి వెళ్లలేదని తల్లి చెప్పారు.

ఇంకొక సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఆ రోజుల్లో 200 బంతులు వేసినవాళ్లలో మనకు పేర్లు తెలిసింది నిలబడినవాళ్లవే. అదే లీగ్‌లో, అదే కాలంలో శాండీ కూఫాక్స్ 1966లో 27 ఆటలు గెలిచి, మోచేతి కీళ్లవాతం వల్ల ముప్పై ఏళ్లకే మానేశాడు. అతని పేరైనా మిగిలింది. 1974కు ముందు లిగమెంటు తెగినవాడికి చెయ్యి చచ్చుబడిందని చెప్పి ఇంటికి పంపేవారు. వాళ్ల గురించి ఏ కోచ్‌కూ చెప్పడానికి కథ ఉండదు.

కోచ్‌తో

ఇంతవరకు కుర్రాడు ఒప్పుకున్నాడు గానీ మైదానంలో అతన్ని ఆపేది నేను కాదు. కోచ్‌ను కలవాలి. ఏం మాట్లాడాలన్నది చాలా ఆలోచించాను. పట్టిక తీసుకెళ్తే అతనికీ నాకూ గొడవ. ఆటనే తీసుకెళ్లాను.

జెయింట్స్ మేనేజర్ ఆల్విన్ డార్క్ ఆ రాత్రి మారిషాల్‌ను మార్చాలని పలుమార్లు అనుకున్నాడు. మారిషాల్ ఒప్పుకోలేదు. అవతల నలభై రెండేళ్ల మనిషి వేస్తున్నాడు, నాకు పాతికేళ్లు, ఆయన ఉన్నంతసేపు నన్ను తీయడానికి వీల్లేదు అన్నాడని కథనం. కోచ్ చెప్పే కథలో అందరికీ నచ్చే ఘట్టం ఇదే. పిల్లలు చప్పట్లు కొట్టేది ఇక్కడే.

నేను కోచ్‌ను అడిగింది ఒక్కటే: అలసిపోయావా అని పిచర్‌ను అడిగితే అవును అన్నవాడిని మీ ఇన్నేళ్లలో ఎంతమందిని చూశారు? నవ్వి, ఎవరూ అనరన్నాడు. అనరు. మారిషాల్ అనలేదు, పదికి రెండు అన్న ఈ కుర్రాడూ అనడు. అయితే ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారు? ప్రతి ఇన్నింగ్స్ తర్వాత ఈ కోచ్ కుర్రాడిని అదే అడిగేవాడు. బాగానే ఉన్నానంటే మళ్లీ పంపేవాడు. తన బాధ్యత తీరిందని నిజంగానే అనుకునేవాడు.

ఇది నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు. కుర్రాళ్ల చేతులకు అలసటే అసలు శత్రువన్నది తెలిసిన విషయం. బర్మింగ్‌హామ్‌లోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స అవసరమైన కుర్ర పిచర్లను గాయపడనివాళ్లతో పోల్చారు. ఆటకు 80కి మించి వేసేవాళ్లకు ముప్పు నాలుగు రెట్లు. చెయ్యి అలసిపోయాక కూడా తరచూ వేసేవాళ్లకు ముప్పై ఆరు రెట్లు. బంతుల లెక్క ముఖ్యమే, అలసట దానికంటే ఎన్నో రెట్లు ముఖ్యం. కానీ అలసటను మనం కొలుస్తున్నది ఎదుటివాడి నోటిమాటతో, అదీ నిజం చెబితే ఆట నుంచి తీసేస్తారని తెలిసినవాడి నోటిమాటతో.

కోచ్ ఊరికే ఒప్పుకోలేదు. మారిషాల్‌ను ఉంచారు, గెలిచారు కదా అన్నాడు. అవతలి పిచర్ సంగతి అడిగాను. మేస్ హోమ్‌రన్ కొట్టిన బంతి స్పాన్ వేసిన స్క్రూబాల్, మామూలు కర్వ్‌కు ఎదురువైపు తిరగాల్సిన బంతి. అది తిరగనే లేదని స్పాన్ స్వయంగా చెప్పాడు. ఆ బంతితో ఆట ముగిసింది కాబట్టి అతని 201వ బంతి అదే. రాత్రంతా తిరిగిన బంతి అక్కడ ఎందుకు తిరగలేదో నేను రుజువు చేయలేను. కానీ స్పాన్‌ను ఎవరైనా అడిగితే అలసిపోయానని అనేవాడు కాదు, బంతి మాత్రం అనేసింది. కోచ్ ఆ మాటకు కాసేపు తల పంకించాడు. ఆ స్క్రూబాల్ సంగతి అతనికి ఎప్పటి నుంచో తెలుసు, ఇలా చూడలేదంతే.

తర్వాతి పని సులువుగా నడిచింది. అడగడం మానేసి చూడాల్సినవి ఏమిటో ఇద్దరం కలిసి రాసుకున్నాం. బంతికీ బంతికీ మధ్య తీసుకునే సమయం పెరగడం. బంతులు వరుసగా ఎత్తుగా పోవడం. విసిరేటప్పుడు మోచేయి భుజం గీత కంటే కిందికి జారడం. దిగిన కాలి మీద నిలబడలేక పక్కకు ఒరగడం. చివరిది కోచ్ చేర్చాడు: టోపీ మాటిమాటికీ సర్దుకోవడం. వైద్య గ్రంథాల్లో అది లేదు, ఈ కుర్రాడి విషయంలో మాత్రం అచ్చంగా నిజమైంది. ఒకే ఇన్నింగ్స్‌లో వీటిలో రెండు కనబడితే లెక్క ఎంతున్నా మార్చేయాలి. కుర్రాడిని అడగకూడదు. లెక్క నలభై అయినా సరే.

ఒకే రోజు పిచింగ్, క్యాచింగ్ రెండూ వద్దన్నదానికి కోచ్ వెంటనే ఒప్పుకున్నాడు. నేను ఆశించలేదు. నిజానికి మారిషాల్ క్యాచింగ్ చేయలేదు కదా అని తనే అన్నాడు.

ఏం జరిగింది

ఆరు వారాలు పూర్తయ్యాక ఎముక మొనమీద నొక్కితే నొప్పి లేదు. నలభై ఐదు అడుగుల దూరం నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టించాను. నొప్పి లేకుండా రెండు విడతలు గడిస్తేనే అరవైకి, తర్వాత తొంభైకి, నూట ఇరవైకి. ఆ తర్వాతే దిబ్బ మీదికి. తొంభై అడుగుల దగ్గర ఒకసారి నొప్పి తిరిగి వచ్చింది. దాచకుండా అతనే చెప్పాడు, నాకు ఆ నొప్పి కంటే ఆ చెప్పడమే గమనించదగినదిగా తోచింది. వెనక్కి అరవైకి తీసుకెళ్లి మళ్లీ ముందుకు నడిపించాను.

దిబ్బ మీదికి వెళ్లాక లక్ష్యం మార్చాం. ఎంత వేగం అన్నది కొన్నాళ్లు కొలవలేదు. ఒక్కో బ్యాటర్‌ను ఎన్ని బంతుల్లో అవుట్ చేశాడన్నదే చార్టులో రాయించాం. ప్రత్యర్థి కొట్టి అవుటైతే చిన్న చుక్క, స్ట్రైకవుట్‌కు కూడా అదే చుక్క, తేడా లేదు. పిచింగ్ కోచ్ పని నాది కాదు కాబట్టి ఏ బంతి ఎలా వేయాలన్నది వాళ్లే చూసుకున్నారు. నా వంతు తుంటి, భుజం.

తిరిగి ఆడిన సీజన్‌లో అతని ఇన్నింగ్స్ సగటు పదిహేడు బంతుల దగ్గరికి వచ్చింది. సంకేతాలు చూసి కోచ్ మధ్యలో తీసేసిన ఆటలున్నాయి. మొదటిసారి కుర్రాడు అలిగాడని తండ్రి చెప్పారు. మోచేయి నొప్పి తిరిగి రాలేదు.

ఇందులో దేనికి ఎంత పాత్ర అన్నది విడదీసి చూడాలి. పొర మానడానికి కారణం విశ్రాంతి. ఆ వయసులో సమయానికి విశ్రాంతి ఇస్తే చాలామందికి మానుతుంది, స్పాన్ గురించి తెలిసినా తెలియకపోయినా. ఆ విశ్రాంతిని తీసుకునేలా చేసింది మాత్రం పెన్సిలు గళ్లేనని నా అభిప్రాయం. నొప్పి మళ్లీ రాకపోవడానికి కోచ్ చూపు, తుంటి వ్యాయామాలు రెండూ ఉన్నాయి. ఏది ఎంతో చెప్పలేను.

నేర్చుకున్నవి

పిల్లల నొప్పికి పదిలో అంకె అడగడం నేను మానలేదు, కానీ ఇప్పుడు దాన్ని నొప్పి కొలతగా రాసుకోను. ఎంత చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడన్నదానికి కొలతగా రాసుకుంటాను. మొదటి రోజునే తల్లిని విడిగా, ఇంట్లో ఏ పని మానేశాడని అడుగుతాను. సీసా మూత, తలుపు గడియ, బడిసంచి ఏ భుజానికి వేసుకుంటున్నాడు, ఇలాంటివి.

రోగి తెచ్చే కథ మన సలహాకు అడ్డుగా కనిపించినప్పుడు దాన్ని తోసేయాలన్న తొందర సహజం. నేను చూసినంతలో అలాంటి కథ పూర్తిగా చదివితే అందులోనే మనకు కావలసినది ఉండే అవకాశం ఎక్కువ. అది నిజమైన ఆటైతే మరీను, ఎందుకంటే స్కోరుకార్డు ఎవరి పక్షమూ కాదు. కానీ చదవడం నిజాయితీగా చదవాలి. మారిషాల్ బాగుపడ్డాడన్నది దాచి ఉంటే ఈ కేసు ఎక్కడో ఆగిపోయేది.

హైదరాబాద్, విజయవాడల్లో ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు దీన్ని చదివితే ఒక మాట. బౌలర్‌కు ముందు దెబ్బతినేది మోచేయి కాదు, నడుము ఎముక. అక్కడా పెరిగే వయసే చిక్కు. నెట్స్‌లో వేసినవి ఎవరూ లెక్కపెట్టకపోవడం అక్కడ మరింత ఎక్కువ. అలసిపోయావా అని కొడుకును అడిగే బదులు ఇరవయ్యో బంతి దగ్గర అతని ముందుకాలు ఎలా దిగుతోందో చూడండి.

ఒక చిన్న ముచ్చట, కేసుకు సంబంధం అంతంతమాత్రమే. ఆ రాత్రి క్యాండిల్‌స్టిక్‌లో చూస్తున్నవాళ్లలో కార్ల్ హబ్బెల్ ఉన్నాడు, అప్పటికి జెయింట్స్ సంస్థలోనే ఉద్యోగం. సరిగ్గా ముప్పై ఏళ్ల ముందు, 1933 జులై 2న, అతనే పద్దెనిమిది ఇన్నింగ్స్‌లు వేసి సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ను 1–0తో గెలిచాడు, ఒక్క వాక్ కూడా ఇవ్వకుండా. స్పాన్ తన శరీరాన్ని వైద్యశాస్త్రానికి రాసివ్వాలని ఆ రాత్రి ఆట చూసి హబ్బెల్ అన్నాడట. కుర్రాడు ఇప్పుడు హబ్బెల్ ఆటకు గళ్లు గీస్తున్నాడు.

భుజం లోపలికి తిరగడం ఇంకా ఎడమతో సమానం కాలేదు, తేడా తగ్గింది. ఎముక పొర మూసుకుందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఏడాది తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. అప్పటిదాకా వ్యాయామాలు ఆపవద్దని, శీతాకాలంలో మూడు నెలలు బంతి ముట్టవద్దని చెప్పాం. ఆ నెలల్లో క్లబ్బువాళ్లు ఇండోర్ శిక్షణ పెడుతున్నారు, దానికి పంపాలా వద్దా అన్నది తండ్రీ నేనూ ఇంకా తేల్చుకోలేదు.